ఓడలో కొత్త బట్టలు

ఆమె భర్తకు జోకు చెప్పడం రాదు. సంబంధం చూసేటప్పుడు ఎవరూ విచారించని లోపం ఇది. అబ్బాయికి సిగరెట్టు అలవాటుందా, కోపం ఎక్కువా, వాళ్ళ వైపు ఎవరికైనా మతి చలించిందా అని నలుగురినీ అడిగి తెలుసుకున్నారు గానీ, జోకు చెప్పగలడా అని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. తీరా చూస్తే ఆయన ముందు చివర చెప్పేస్తాడు. తర్వాత మొదలు చెబుతాడు. ఎవరూ నవ్వకపోతే మధ్యలో ఏం జరిగిందో వివరిస్తాడు. అప్పటికీ నవ్వకపోతే, "ఇందులో విశేషం ఏమిటంటే" అని అందుకుంటాడు. ఆ మాట వినగానే ఆయన కన్నతల్లి కూడా గ్యాసు కట్టానో లేదో చూసొస్తానంటూ లేచి వెళ్ళిపోతుంది.

తప్పు ఒప్పుకోవడం కూడా రాదు. పాలు పొంగించినా, రైలు తప్పించినా, బావమరిది పేరు శుభలేఖలో వేయించడం మరిచిపోయినా, "పొరపాటు జరిగింది" అంటాడు, ఊళ్ళో వాన పడిందన్నట్టు.

ఇలాంటి మనిషి టీవీ సీరియల్ రాస్తున్నాడంటే ఎవరూ ఆశ్చర్యపోరు. ఆ సీరియల్లో హాస్యం మాత్రం ఆమె రాస్తుందంటేనే బంధువులు ఇంకోసారి చెప్పించుకుంటారు.

సీరియల్ నక్షత్రాల మధ్య తిరిగే ఒక ఓడ గురించి. సొంత గ్రహం పోగొట్టుకున్న జనం అందులో కొత్త చోటు వెతుక్కుంటూ పోతుంటారు. యుద్ధాలు, ద్రోహాలు, కెప్టెన్ మౌనం, ఓడ నడిపే అమ్మాయి కన్నీళ్ళు ఆయనవి. ఓడ అడుగున ఉన్న వంటిల్లు ఆమెది. ఆ వంటింట్లో ఒక ముసలి వంటవాడు గరిటె పట్టుకుని అందరినీ తిడుతూ తిండి పెడుతుంటాడు. ఆ వేషం వేసే నటుణ్ణి కెమెరా ముందూ వెనకా అందరూ బాబాయి అనే పిలుస్తారు.

ఆయన తెల్లకాగితాల మీద రాస్తాడు, ఆమె పసుపుపచ్చ కాగితాల మీద. ఒకరి కాగితాలు ఒకరు చదవరు. సీరియల్ మొదలైన కొత్తలో ఆయన ఆమె రాసిన పేజీలో ఒక మాట దిద్దాడు. ఆమె ఆయన రాసిన పేజీలో ఒక పేరా కొట్టేసింది. ఆ వారమంతా ఇంట్లో ఉప్పు కావాలన్నా అత్తగారి ద్వారానే కబురు నడిచింది. అప్పట్నుంచీ ఇదీ ఒప్పందం. డైరెక్టరు ఆ తెల్లవాటినీ పచ్చవాటినీ పేకముక్కల్లా కలిపి తీసుకుంటాడు. ఏడుపు ఎక్కువైన చోట ఒక పచ్చకాగితం దూరుస్తాడు. అలా బండి నడిచిపోతోంది, శనివారం దాకా.

శనివారం ఎపిసోడులో ఆయన ఓడకు చిల్లు పెట్టాడు. గాలి పోతోంది. కెప్టెన్ అందరినీ సమావేశపరిచి, "ఇక ఎవరూ నోరు విప్పకండి. ఖర్చయ్యే ప్రతి మాటా ఒకరి ఊపిరి" అన్నాడు. ఓడ నడిపే అమ్మాయి ముఖానికి గాజు టోపీ బిగించుకుని, చిల్లు పూడ్చడానికి ఒక్కతే బయటికి, ఆ చీకట్లోకి వెళ్ళింది. ఓడంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని రాయడానికి ఆయన మూడు రోజులు గడ్డం గీసుకోలేదు.

ఆ వెంటనే డైరెక్టరు పచ్చకాగితం దూర్చాడు. వంటింట్లో బాబాయి గొంతెత్తి తన మేనమామ కథ చెప్పుకుంటూ పోయాడు. మేనమామ తల తపేలాలో ఇరుక్కుపోతే, ఆయన్ను ఇత్తడి గిన్నెలు చేసే కంచరి దగ్గరికి తీసుకెళ్దామని బస్సెక్కిస్తారు. కండక్టరు తపేలాకు వేరే టిక్కెట్టు తీసుకోమంటాడు. మేనమామ లోపల్నుంచే వాదిస్తాడు. ఆ వాదన బాబాయి ప్రతిధ్వనితో సహా చేసి చూపించాడు. ఊపిరి దొరకని ఓడలో, మధ్యమధ్య పొయ్యి ఊదుకుంటూ.

ఆదివారం పొద్దున్నే టీవీవాళ్ళ పెద్దాయన ఫోను. భర్త దాన్ని భోజనాల బల్ల మీద పెట్టి, అందరికీ వినపడేలా మీట నొక్కాడు.

"ఏంటి సార్ ఇది? గాలి లేని ఓడలో గాలి కబుర్లని జనం ఒకటే ఎగతాళి. మా ఆవిడ కూడా నవ్వింది. చచ్చిపోయేచోట నవ్వితే ఇక మనం దుకాణం కట్టేసుకోవడమే కదా?"

"పొరపాటు జరిగిందండీ" అన్నాడు ఆయన.

"ఎవరిదో చూసి సరిచేయండి."

ఫోను పెట్టేశాక ఆయన ఆమెకేసి చూడలేదు. బల్ల మీది పచ్చకాగితాల కట్టకేసి చూశాడు. ఆమె చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఆ చూపును చూసింది.

"నా కాగితాలేం చేశాయి? చిల్లు పెట్టింది మీరు" అంది.

"చిల్లు పెట్టానని నీకు తెలీదా?"

"ఎలా తెలుస్తుంది? మీవి నేను చదవకూడదుగా. ఒప్పందం రాసుకున్నది మీరే."

"నవ్వూ ఏడుపూ ఒక గిన్నెలో వండితే రెండూ మాడతాయని మొదట్నుంచీ చెప్తూనే ఉన్నాను."

"వండేవాళ్ళకి చెప్పండి ఆ సామెత. మీకు గిన్నె ఎక్కడుంటుందో కూడా తెలీదు."

ఆయన ఒక తెల్లకాగితం తీసి పెన్ను మూత విప్పాడు. ఇంట్లో చర్చలు ముగిసినట్టు ఆయన ప్రకటించే పద్ధతి అది.

సోమవారం ఆమె డాబా మీద దుప్పట్లు ఆరేస్తుంటే బాబాయి ఫోన్ చేశాడు. ఆమె ఫోన్ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది.

"తల్లీ, నీకో కబురు. నాకు కొత్త డ్రస్సు కుట్టిస్తున్నారు."

"డ్రస్సా?"

"నిన్న దర్జీ వచ్చి కొలతలు తీసుకెళ్ళాడు. నీలం కోటుట, భుజాల మీద బంగారు పట్టీలట. ఇన్నేళ్ళూ ఆ నూనె ఏప్రనుతోనే లాగించేశాను కదా. మా ఆవిడ నమ్మడం లేదు. నీ చేత చెప్పిద్దామని."

దుప్పటి కొస ఆమె చేతిలోంచి జారి గోడ మీద పడింది. ఆ ఓడలో కొత్త బట్టలు చచ్చిపోయేవాళ్ళకే కుడతారు. పోయినవాళ్ళను నీలం కోటు తొడిగి గాజుపెట్టెలో పడుకోబెట్టి నక్షత్రాల్లోకి వదిలేయడం భర్త మొదటి సంవత్సరంలో పెట్టిన ఆచారం. బతికున్నవాళ్ళు పాతవే వేసుకుంటారు. నిర్మాతకూ అదే కలిసొచ్చింది.

"బాగుంటుంది బాబాయ్, నీలం మీకు నప్పుతుంది" అంది ఆమె. అన్నాక తన మాట తనకే మింగుడుపడలేదు.

"నప్పుతుందిలే" అన్నాడు ఆయన. "సరే తల్లీ, చెప్పానుగా" అని పెట్టేశాడు.

ఆమె మెట్లు దిగి తిన్నగా భర్త బల్ల దగ్గరికి వెళ్ళింది.

"బాబాయిని చంపేస్తున్నారా?"

"ఎవరు చెప్పారు?"

"దర్జీ."

ఆయన పెన్ను పక్కన పెట్టాడు. "శుక్రవారం షూటింగు. గాలి వృథా చేసింది అతనే కాబట్టి, ఆ పాపానికి పరిహారంగా తన వంతు గాలి ఓడ నడిపే అమ్మాయికి వదిలేసి చచ్చిపోతాడు. ఎగతాళి చేసినవాళ్ళే ఏడుస్తారు. ఒక దెబ్బకి రెండు పిట్టలు."

"రెండో పిట్ట ఎవరో? నేనా?"

"నిన్నెవరన్నారు?"

"వంటవాడు పోతే వంటిల్లెందుకు? వంటిల్లు లేకపోతే పచ్చకాగితాలెందుకు? కూరగాయల సంచులు చేసుకోనా వాటితో?"

"ప్రతిదీ నీ మీదికి తీసుకుంటావు."

"ఆ మనిషికి ఇంకో సీరియల్ ఎవరిస్తారండీ ఈ వయసులో? మోకాళ్ళు వంగవు. గరిటె పట్టుకుని నిలబడే వేషం కాబట్టి సరిపోయింది."

"గౌరవంగా పంపుతున్నాను కదా. మూడు పేజీల డైలాగు రాశాను."

ఆమెకు ఇంకేమీ తోచలేదు. తలుపు మూయడం మాత్రం తోచింది, కాస్త గట్టిగానే.

మర్నాడు ఆయన టీవీవాళ్ళ ఆఫీసుకు వెళ్ళగానే ఆమె ఒప్పందం తప్పింది. ఆ మూడు పేజీలు తీసి వంటగట్టు మీద పరుచుకుని, కుక్కరు కూతల మధ్య చదివింది. బాబాయి చనిపోతూ శాశ్వతత్వం గురించి ఒక పేజీ, కర్తవ్యం గురించి ఒక పేజీ మాట్లాడాడు. మూడో పేజీలో నక్షత్రధూళిలో లీనమయ్యాడు. ఇన్నేళ్ళలో ఒక్క వాక్యమైనా ఎవరినో తిట్టకుండా ముగించని మనిషి. ఇంతకన్నా ఆశ్చర్యం, గాలి పొదుపు చేయడానికి చచ్చేవాడు మూడు పేజీలు మాట్లాడటం. అది పెద్దాయనకు గానీ ఈయనకు గానీ తట్టనేలేదు. ఎందుకంటే అవి తెల్లకాగితాలు.

ఆమె ఆ మాట అందామని హాల్లోకి వెళ్ళింది. అనడానికి అత్తగారు తప్ప ఎవరూ లేరు. అత్తగారు శనివారం ఎపిసోడు మళ్ళీ పెట్టుకుని చూస్తోంది. తెర మీద బాబాయి బస్సు కండక్టరుతో తగాదా పడుతున్నాడు. ఆవిడ కళ్ళొత్తుకుంటోంది.

"అత్తయ్యా, అది నవ్వాల్సిన చోటు."

"నవ్వుతూనే ఉన్నానుగా" అంది ఆవిడ ముక్కు చీదుకుంటూ. "ఆ పిల్ల బయట ఒక్కతే చీకట్లో ఉంటే, భయపడుతుందని వీడు చూడు ఎలా మాట్లాడుతున్నాడో. మాట్లాడొద్దన్నారు కదా, వీడికేమవుతుందో ఏమో."

ఆమె చేతిలోని గరిటె అలాగే ఉండిపోయింది. "ఆ అమ్మాయికి వినపడుతోందని ఎవరన్నారు?"

"అదుగో, గొట్టం. భోజనాలకి రండర్రా అని రోజూ అందులోంచేగా అరుస్తాడు. ఓడంతా, ఆ గాజు టోపీల్లో కూడా వినపడుతుంది. మూత తీసి అందులోకేగా చెబుతున్నాడు."

ఆమె తెర దగ్గరగా వెళ్ళింది. నిజమే. గోడ మీద ఆ రేకు గొట్టం ఉంది. మొదటి సంవత్సరంలో ఒక చిన్న జోకు కోసం ఆమే పెట్టించింది. బాబాయి మోచెయ్యి గొట్టం పక్కన ఆనించి, ముఖం దాని వైపే తిప్పి కథ చెబుతున్నాడు. ఎందుకో కూడా ఆమెకు తెలుసు. వంటింటి సెట్టులో దీపం అక్కడే బాగా పడుతుంది, బాబాయి అక్కణ్ణించి కదలడు. పైగా ఆరోజు గిన్నెలు కడిగే వేషం వేసేవాడు జ్వరమొచ్చి రాలేదు. అందుకని ఎదురుగా వినేవాడు లేకుండానే కానిచ్చేశారు.

"మీకు శనివారమే అర్థమైందా ఇది?"

"అర్థమవడానికేముందే?"

"మరి చెప్పొచ్చుగా, ఇంట్లో ఇంత రభస జరుగుతుంటే."

"నన్నెవరడిగారు? ఇద్దరు రచయితలున్నారు ఇంట్లో. రాసింది తెర మీద ఒక్కరైనా చూస్తారా? ఆయనగారు తనవరకు చూసుకుని లేచిపోతాడు, నువ్వు నీ వంటింటి ముక్క వచ్చేదాకా లోపలే ఉంటావు. మొదట్నుంచీ చివరిదాకా చూసేదాన్ని నేనొక్కదాన్నే." ఆవిడ చెయ్యి ఊపింది. "జరుగు, అడ్డం."

ఆమె జరిగింది. తెర మీద బాబాయి, మేనమామను కంచరి కొట్టు ముందు దించాడు. కంచరి తపేలా చుట్టూ తిరిగి చూసి, గడ్డం గోక్కుని, "ఏమండీ" అన్నాడు. అక్కడితో ప్రకటనలు వచ్చేశాయి. ఆ కథకు చివర లేదు. ఆమె రాయలేదు. వచ్చే వారం చూద్దాంలే అనుకుంది.

ఆ మధ్యాహ్నం అన్నం చల్లారిపోయింది. ఆమె పచ్చకాగితాలు ముందేసుకుని కూర్చుంది. కెప్టెన్ కోపంగా వంటింట్లోకి వస్తాడు. నోరు మూసుకోమన్నానా లేదా అంటాడు. బాబాయి పొయ్యి పక్కన కూలబడి ఉంటాడు. జవాబు చెప్పడానికి ఊపిరి లేదు. కెప్టెన్ తిడుతూనే ఉంటాడు. అప్పుడు గొట్టంలోంచి ఆ పిల్ల గొంతు వినబడుతుంది: "బాబాయ్, ఆపేశావేం? కంచరి ఏమన్నాడు?"

ఇక్కడిదాకా పెన్ను పరిగెత్తింది. ఇక్కడ ఆగిపోయింది. బాబాయి చెప్పలేడు. చెప్పవలసింది కెప్టెన్. జీవితంలో జోకన్నది ఎరగని మనిషి ఆ గొట్టం ముందు మోకరిల్లి, తపేలా కథ ముగించాలి. ఆమె రాసి చూసింది. బాగా నవ్వొచ్చింది. కొట్టేసింది. మళ్ళీ రాసింది. అదీ నవ్వొచ్చింది. ఆమెకు చేతకానిది ఒక్కటే, నవ్వు రాకుండా జోకు చెప్పడం. దానికి ఒక పనిమంతుడు కావాలి. ఆ పనిమంతుడు ఇంట్లోనే ఉన్నాడన్న సంగతి తట్టి, ఆమెకు ఒళ్ళు మండింది.

సాయంత్రం ఆయన చెప్పులు విప్పుతుండగానే చెప్పింది. గొట్టం గురించి, అత్తగారి గురించి, అన్నీ. ఆయన నిలబడే విన్నాడు.

"నా పేజీలు చదివావా?"

"చదివాను. తిట్లు తర్వాత తింటాను. ముందు ఇది చెప్పండి."

"అతుకు. జరిగిన పొరపాటుకి వేసిన అతుకు అది. జనం నమ్మరు. ఒకసారి నవ్విన చోట ప్రేక్షకుడు మళ్ళీ ఏడవడు."

"లోపల మీ అమ్మగారు అదే పని చేస్తున్నారు, వెళ్ళి చూడండి."

"అమ్మ దేనికైనా ఏడుస్తుంది."

"మీరు రాసిన నిశ్శబ్దానికి మాత్రం నిద్రపోయారు."

అది అనకుండా ఉండాల్సింది. ఆయన ముఖం చూసి ఆమెకు తెలిసింది. ఆమె పచ్చకాగితం బల్ల మీద పెట్టి, "డైరెక్టరుకి ఫోన్ చేశాను. రెండూ తీస్తానన్నాడు, మీదీ నాదీ. ఏది పెట్టాలో తర్వాత చూసుకుందామన్నాడు. కెప్టెన్ మాటలు నాలుగు ముక్కలు రాసిపెట్టండి చాలు. నాకు చేతకావట్లేదు" అంది.

"నీకు చేతకాదా? హాస్యం నీదేగా."

"జోకు చెప్పడం రానివాడు చెప్పే జోకు కావాలి. నేను రాస్తే నవ్వొచ్చేస్తోంది."

ఆయన ఆ కాగితం తాకలేదు. ఆ పూటా తాకలేదు, మర్నాడూ తాకలేదు. ఆమె రెండు రోజులపాటు గిన్నెలు మోతగా తోమింది. గురువారం సాయంత్రం చూస్తే పచ్చకాగితం కింద ఒక తెల్లకాగితం ఉంది. ఆమె తీసి చదివింది. మళ్ళీ చదివింది. ఒక్క అక్షరమూ దిద్దలేదు.

శుక్రవారం అత్తగారు కూడా షూటింగుకు వస్తానంది. సెట్టులో ఒక కుర్చీ వేశారు. ఆవిడ స్వెట్టరు వేసుకుని కూర్చుంది.

మొదట ఆయన రాసిన చావు తీశారు. బాబాయి నీలం కోటులో వచ్చాడు. అందరూ ఒక నిమిషం పని ఆపి చూశారు. బంగారు పట్టీలూ దువ్విన తలా, ఆయన నిజంగానే ఎక్కడో ఓడ నడిపి వచ్చినవాడిలా ఉన్నాడు. పడుకుని, కెప్టెన్ చెయ్యి పట్టుకుని, "శాశ్వతత్వం అంటే ఏమిటి కెప్టెన్?" అన్నాడు.

ఆ గొంతు ఇన్నేళ్ళూ పప్పు ఎవరు తిన్నారని అడిగిన గొంతు. దీపాలవాడి భుజాలు కదిలాయి. డైరెక్టరు కట్ అన్నాడు. మళ్ళీ తీశారు. ఈసారి కెప్టెన్ వేషధారే పెదవి కొరుక్కుని మొహం తిప్పేసుకున్నాడు. మూడోసారికి శాశ్వతత్వం దాకా రాకుండానే ఎవరో దగ్గి, బయటికి పరిగెత్తారు.

"ఏమిటిది? ఒక మనిషి చచ్చిపోతున్నాడు ఇక్కడ" అన్నాడు భర్త, కుర్చీలోంచి లేచి.

బాబాయి పడుకునే తల తిప్పాడు. "వాళ్ళననకండి బాబూ. రేపు నిజంగా పోయినా వీళ్ళు ఇంతే. నేను పెట్టిన అలవాటేగా." ఆ మాటకూ అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. పైకప్పుకేసి చూస్తూ కోటు గుండీ తడుముకుంటున్నాడు. అది ఆమె ఒక్కతే చూసిందనుకుంది. పక్కకు చూస్తే, భర్త కూడా అటే చూస్తున్నాడు.

భోజనాలయ్యాక వంటింటి సెట్టు వెలిగించారు. బాబాయి పాత ఏప్రను కట్టుకుని పొయ్యి పక్కన కూలబడ్డాడు. గరిటె ఒళ్ళో పెట్టుకున్నాడు. కెప్టెన్ వచ్చి తిట్టడం మొదలుపెట్టాడు. బాబాయి జవాబుగా గరిటె కొంచెం ఎత్తాడు. ఎత్తలేక దించేశాడు. ఎవరో కిసుక్కున నవ్వి, ఆ నవ్వు సగంలో మింగేశారు.

గొట్టంలోంచి ఆ అమ్మాయి గొంతు వచ్చింది. "బాబాయ్, ఆపేశావేం? కంచరి ఏమన్నాడు?"

కెప్టెన్ గొట్టం వైపు చూశాడు, బాబాయి వైపు చూశాడు. బాబాయి గరిటెతో గొట్టాన్ని చూపించాడు, నువ్వు చెప్పు అన్నట్టు. కెప్టెన్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తెల్లకాగితం మీద ఉన్న మాటలు ఒక్కొక్కటే అన్నాడు.

"చివరికి తపేలా ఊడింది. ముందే చెప్పేశాను, ఏమనుకోకు. మొదట ఏం జరిగిందంటే... కంచరి దాన్ని కోశాడు. మనిషి బయటికొచ్చాడు. ఇందులో విశేషం ఏమిటంటే..." కెప్టెన్ అక్కడ ఆగాడు. "మనిషికేమీ కాలేదు. అదే విశేషం. నవ్వు రాలేదు కదూ? నాకు చెప్పడం రాదు. నువ్వు లోపలికొచ్చేయ్. బాబాయి మళ్ళీ మొదట్నుంచి సరిగ్గా చెబుతాడు."

గొట్టంలోంచి చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత సన్నగా, తెరలు తెరలుగా, ఆ పిల్ల నవ్వు.

డైరెక్టరు కట్ అనడం మరిచిపోయాడు. దీపాలవాడు మెడలో తువ్వాలుతో మొహమంతా తుడుచుకుంటున్నాడు. అత్తగారు పక్కవాళ్ళతో, "శనివారమే చెప్పాను నేను" అంటోంది, ఎవరూ అడక్కపోయినా.

ఆమె భర్త కోసం చూసింది. కుర్చీలో లేడు. వెతుక్కుంటూ వెళితే బట్టల గది దగ్గర కనిపించాడు. బాబాయి గుమ్మం పక్కన స్టూలు మీద మోకాళ్ళు చాపుకుని టీ తాగుతున్నాడు. నీలం కోటు వెనక కొక్కేనికి వేలాడుతోంది. భర్త ఆ కోటు ముందు నిలబడి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టున్నాడు.

"మరి దీన్నేం చేస్తారు బాబూ?" బాబాయి గ్లాసుతోనే కోటును చూపించాడు. "భుజాల దగ్గర బాగా కుదిరింది. నా కొలతలకి ఇంకెవరికీ పట్టదు."

"కొలతలిచ్చిననాడు మీకు తెలీదు బాబాయ్, అది..."

"ఈ ఓడలో కొత్త బట్టలు ఎవరికి కుడతారో నాకు తెలీదా? దర్జీ టేపు తీసినప్పుడే తెలిసింది. అందుకేగా మీ ఆవిడకి ఫోన్ చేశాను." ఆయన టీ ఊదుకున్నాడు. "మీకే చేద్దామనుకున్నా. మీరేమో పొరపాటు జరిగిందంటారు, పెట్టేస్తారు. ఇక నేనెవర్ని అడగను?"

ఆమె గుమ్మం దగ్గరే ఆగిపోయింది. భర్త ఆమెను చూశాడు. వెళ్ళిపొమ్మంటాడేమో అనుకుంది. అనలేదు. కోటు భుజం మీది బంగారు పట్టీని వేలితో ఒకసారి సర్ది, బాబాయి వైపు తిరిగాడు.

"మిమ్మల్ని చంపడానికే కుట్టించాను బాబాయ్" అన్నాడు. గొంతు సవరించుకుని, ఈసారి గుమ్మం దాకా వినపడేలా చెప్పాడు. "తప్పు నాదే."